మొదలుపెట్టిన ఇంజెక్షన్ ఎవరు ఆపాలి?

రాత్రి పదకొండింటికి విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఆసుపత్రి కింద ఉండే మెడికల్ షాపు దగ్గర కాసేపు నిలబడితే బలమైన యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కోసం రాసిన ఈ చీటీ కనిపిస్తుంది: మెరోపెనెమ్ 1 గ్రా. – 3 వయల్స్, ఎన్ఎస్ (సెలైన్) 100 ఎంఎల్ – 3, ఐవీ సెట్ – 1. రోగి తాలూకు మనిషి డబ్బు కట్టి, కవరు పట్టుకుని పైకెళ్తాడు. మర్నాడు అదే చీటీ. ఆ మర్నాడూ అదే. మొదటి రోజు చీటీకి కారణం ఉంది. జ్వరం 104, బీపీ పడిపోతోంది, ఏ క్రిమో తెలియదు. ఆ పరిస్థితిలో డ్యూటీ డాక్టరు బలమైన మందు రాయకపోతేనే తప్పు. ఆరో రోజు చీటీకి కారణం ఏమిటని కేస్ షీట్ తిరగేస్తే మాత్రం తరచుగా 'కంటిన్యూ సేమ్ ట్రీట్‌మెంట్' అన్న మూడు ముక్కలే కనిపిస్తాయి.

ఖరీదైన యాంటీబయాటిక్‌ల అదుపు గురించి మాట్లాడేటప్పుడు అందరి దృష్టీ మొదటి డోసు మీదే ఉంటుంది. ఎవరు రాయొచ్చు, ఎవరి సంతకం కావాలి, బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాలి అని. లెక్క వేసి చూస్తే ఖర్చు అక్కడ లేదు. మెరోపెనెమ్ రోజుకు మూడు వయల్స్ చొప్పున మూడు రోజులు వాడితే 9, పద్నాలుగు రోజులు వాడితే 42. మధ్యలో ఉన్న 33 వయల్స్ ఎవరూ నిర్ణయించి వాడినవి కావు, ఎవరూ ఆపలేదు కాబట్టి వెళ్లిపోయినవి. ఆ రోజుల్లోనే పేగుల్లోని మామూలు బ్యాక్టీరియా చచ్చి, మందుకు లొంగనివి మిగిలి, పక్క మంచానికి పాకుతాయి.

ఏ మందుల్ని అదుపులో పెట్టాలో తేల్చుకోవడానికి ధర ఒక్కటే చూస్తే పొరపాటు జరుగుతుంది. మెరోపెనెమ్ 2022 సెప్టెంబరులో జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరి ధరల నియంత్రణ కిందికి వచ్చింది. ధర దిగిందని జాగ్రత్త సడలించడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయాటిక్‌లను యాక్సెస్ (ముందుగా వాడదగినవి), వాచ్ (జాగ్రత్తగా వాడాల్సినవి), రిజర్వ్ (చివరి అస్త్రంగా దాచుకోవాల్సినవి) అని మూడు గుంపులుగా విడదీస్తోంది. అమాక్సిక్లావ్, సెఫజోలిన్, అమికాసిన్, డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్ యాక్సెస్‌లో ఉన్నాయి. సెఫ్ట్రియాక్సోన్, పిప్‌టాజ్ (పిపెరాసిలిన్-టాజోబాక్టమ్), మెరోపెనెమ్, వాంకోమైసిన్, టైకోప్లానిన్ వాచ్‌లో ఉన్నాయి. కొలిస్టిన్, పాలిమిక్సిన్ బి, లినజోలిడ్, టైగిసైక్లిన్, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ రిజర్వ్‌లో ఉన్నాయి. మనుషులకు వాడే యాంటీబయాటిక్‌లలో కనీసం 70 శాతం యాక్సెస్ గుంపువే ఉండాలని 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితి లక్ష్యం పెట్టుకుంది. మన వార్డుల్లో సెఫ్ట్రియాక్సోన్ ఎంత మామూలైపోయిందో తెలిసినవారికి ఆ 70 ఎంత దూరమో చెప్పనక్కర్లేదు.

తాళం వేసే పద్ధతి, మళ్లీ చూసే పద్ధతి

అదుపుకు రెండు దారులున్నాయి. ఒకటి ముందస్తు అనుమతి: ఫలానా మందు కావాలంటే మైక్రోబయాలజిస్టో, నియమిత ఫిజీషియనో ఒప్పుకోవాలి. రెండోది మందు వెళ్లాక రెండు మూడు రోజులకు కేస్ షీట్ తెరిచి చూసి, చికిత్స చేస్తున్న డాక్టరుతో మాట్లాడటం.

అనుమతి పద్ధతిలో వాడకం త్వరగా పడిపోతుంది, అందుకే యాజమాన్యాలకు అది నచ్చుతుంది. దాని బలహీనత రాత్రి రెండు గంటలకు బయటపడుతుంది. ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌లో మొదటి డోసు గంటలోపు పడాలి. ఫోను ఎత్తని నిపుణుడి కోసం నలభై నిమిషాలు ఆగితే ఆ గంట అయిపోయినట్టే. ఇలా ఒకటి రెండుసార్లు జరిగాక జూనియర్ డాక్టర్లు దొడ్డిదారి వెతుకుతారు. ఫారంలో ప్రతి రోగికీ 'సెప్సిస్' అని రాసేస్తారు. లేదా పక్క రోగి పేరు మీద తెప్పించిన వయల్ అప్పు తీసుకుంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక గుంపుకు తాళం వేస్తే వాడకం పక్క గుంపులోకి దూకుతుంది. న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రి సెఫలోస్పోరిన్‌ల మీద గట్టి కట్టడి పెట్టి, ఫలితాలను 1998లో ప్రచురించింది. ఆ గుంపులోని సెఫ్టాజిడిమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా క్రిమి 44 శాతం తగ్గింది. అదే సమయంలో మెరోపెనెమ్ కుటుంబానికే చెందిన ఇమిపెనెమ్ వాడకం రెట్టింపు దాటింది, ఇమిపెనెమ్‌కు లొంగని సూడోమోనాస్ క్రిమి 69 శాతం పెరిగింది. మన దగ్గర మెరోపెనెమ్‌కు తాళం వేసి పిప్‌టాజ్‌నూ ఫారోపెనెమ్ మాత్రలనూ వదిలేసినా ఇదే జరుగుతుంది.

అందుచేత రెండూ కలిపి వాడటం మేలు. వాచ్ గుంపు మందు ఏ వేళైనా అడ్డు లేకుండా ఇవ్వాలి, కానీ 72 గంటలకు సరిపడా మాత్రమే. ఆ పైన మందు కావాలంటే సమీక్ష జరగాలి. రిజర్వ్ గుంపుకు మొదటి 24 గంటల మందు ఇచ్చి, మర్నాడు పగలు అనుమతి అడగాలి. ఈ గీత ఫార్మసీ కంప్యూటర్‌లోనే ఉండాలి. గోడ మీద సర్క్యులర్ అంటిస్తే వారం తరవాత దానివైపు ఎవరూ చూడరు. మందు తెప్పించుకునే ఇండెంట్ ఫారంలో ఆరు గడులు చాలు: మందు పేరు, డోసు, ఏ ఇన్ఫెక్షన్ అనుమానం, కల్చర్ (క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) పంపారా, పంపితే ఎన్ని గంటలకు, ఎన్ని రోజులు అనుకుంటున్నారు. చివరి గడి ఖాళీగా ఉంటే ఫారం వెనక్కి పంపాలి. మొదటి రోజే '5 రోజులు' అని రాసిన మందు ఆరో రోజు దానంతట అదే ప్రశ్న అవుతుంది. యాంటీబయాటిక్ రాసేటప్పుడు కారణం కూడా రాయాలని ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ 2024 జనవరిలో మెడికల్ కాలేజీల డాక్టర్లకు లేఖ రాశారు. ఆ కారణం రాయడానికి చోటు లేని కేస్ షీట్‌లో ఆ లేఖ అమలు కాదు.

ఇలాంటి అదుపు పద్ధతులు పనిచేస్తాయనడానికి సాక్ష్యం గట్టిగానే ఉంది. వైద్య పరిశోధనలను కలిపి మదింపు చేసే కాక్రేన్ సంస్థ 2017లో 221 అధ్యయనాలను పరిశీలించింది. ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్ రోజులు సగటున దాదాపు రెండు తగ్గాయి, మరణాలు పెరగలేదు.

కల్చర్ బాటిల్ దగ్గరే సగం పని

72 గంటల సమీక్షలో చేతిలో కల్చర్ రిపోర్టు లేకపోతే ఎవరూ ధైర్యంగా మందు ఆపలేరు. కాబట్టి ఖరీదైన మందుల ఖర్చు తగ్గాలంటే ముందు డబ్బు పెట్టాల్సింది బ్లడ్ కల్చర్ బాటిళ్ల మీద. యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే, రెండు వేర్వేరు చోట్ల నుంచి, ఒక్కో బాటిల్‌కు 8 నుంచి 10 ఎంఎల్ రక్తం తీయాలి. మన వార్డుల్లో జరిగేది వేరు. ఒకే చేయి, ఒకే బాటిల్, 3 ఎంఎల్ రక్తం, అదీ రెండో డోసు పడ్డాక. అలా పంపిన కల్చర్‌లో 'నో గ్రోత్' వస్తే దానికి అర్థం లేదు. అర్థం లేని రిపోర్టు వచ్చిన డాక్టరు మందు కొనసాగిస్తే ఆయన్ని తప్పు పట్టలేం.

తీసే పద్ధతి కూడా ముఖ్యమే. ఆల్కహాల్ కలిసిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం రుద్ది, అర నిమిషం ఆరనివ్వాలి. ఆ తరవాత నరం కోసం వేలితో మళ్లీ తడమకూడదు. బాటిల్ మూత తీశాక పైన ఉండే రబ్బరు శుభ్రంగా ఉంటుందనుకుంటారు. ఉండదు, దాన్నీ స్పిరిట్‌తో తుడవాలి. రాత్రి తీసిన బాటిల్‌ను తెల్లారేదాకా ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. అది కల్చర్‌ను చంపుకోవడమే, బయటే ఉంచాలి. చర్మం మీది స్టఫిలోకాకస్ ఒక్క బాటిల్‌లో పెరిగితే చాలా వరకు అది కలుషితం. రెండో బాటిల్ ఉంటేనే ఆ సంగతి తేలుతుంది. రెండోది లేకపోతే రోగికి వాంకోమైసిన్ మొదలవుతుంది. మిగుల్చుకున్న ఆ రెండో బాటిల్ ధరకు ఎన్నో రెట్లు దాని మీద ఖర్చవుతుంది.

ల్యాబ్ చేయాల్సిన మరో పని సొంత యాంటీబయోగ్రామ్, అంటే ఏ క్రిమి ఏ మందుకు ఎంత శాతం లొంగుతుందో చూపే పట్టిక. ఏడాదికోసారి, ఒక్కో రోగి నుంచి ఒక్కో క్రిమికి మొదటి నమూనా మాత్రమే లెక్కలోకి తీసుకుని, ఒక్కో క్రిమికి కనీసం 30 నమూనాలు ఉంటేనే శాతం వేయాలి. ఐసీయూ లెక్కను వార్డు లెక్కతో కలపకూడదు. కలిపితే ఐసీయూలోని మొండి క్రిములను చూసి బయటి నుంచి నడిచి వచ్చిన మూత్ర ఇన్ఫెక్షన్‌కు కూడా మెరోపెనెమ్ రాసే పరిస్థితి వస్తుంది.

రెండు జ్వరాలు

ఈ ప్రాంతంలో వానలు పడ్డాక కనిపించే ఒక కేసును దగ్గరగా చూడాలి. పొలం పని చేసే నలభై ఏళ్ల మనిషి, ఏడు రోజుల జ్వరం, ప్లేట్‌లెట్లు 60 వేలు, లివర్ ఎంజైములు పెరిగాయి, కాస్త ఆయాసం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెఫ్ట్రియాక్సోన్ నాలుగు రోజులు పడింది. పట్నం వచ్చాక మెరోపెనెమ్ మొదలైంది, తగ్గక టైకోప్లానిన్ కూడా చేరింది. లుంగీ తీసి గజ్జల్లో చూసినవాళ్లు లేరు. అక్కడ నొప్పి లేని నల్లటి చెక్కు ఒకటి, బీడీతో కాల్చినట్టు. అది స్క్రబ్ టైఫస్. ఆ క్రిమి కణాల లోపల బతుకుతుంది. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్, మెరోపెనెమ్ కుటుంబం మొత్తం దాని మీద పనిచేయదు, ఎన్ని వయల్స్ ఎక్కించినా అంతే. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఏడు రోజులు వేస్తే చాలామందికి 48 గంటల్లో జ్వరం దిగుతుంది. ఆ మందు మొత్తం ఖర్చు ఒక్క మెరోపెనెమ్ వయల్ ధరకు కూడా రాదు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, చెవి వెనక చూడటం అడ్మిషన్ పరీక్షలో భాగం కావాలి.

దీనికి పూర్తిగా ఎదురు కేసు కూడా ఇక్కడే ఉంది. 2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గరి తురకపాలెంలో వరుస మరణాల సందర్భంగా మెలియాయిడోసిస్ అనే జబ్బు పేరు అందరి నోటా వినిపించింది. మట్టిలో, తడి నేలలో ఉండే దీని క్రిమి ఎక్కువగా షుగరు ఉన్నవారిని పట్టుకుంటుంది. దీనికి సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ కనీసం 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి, ఆ తరవాత కోట్రైమాక్సజోల్ మూడు నెలలు వేయాలి. ఇలాంటి రోగికి అయిదో రోజు ఫార్మసీ కంప్యూటర్ మందు ఆపేస్తే ప్రాణం పోతుంది. ల్యాబ్‌లో దీన్ని 'సూడోమోనాస్ జాతి' అని తేలిగ్గా రాసి పంపే ప్రమాదం ఉంది. గుర్తుపట్టడానికి ఒక సూచన ఏమిటంటే, జెంటామైసిన్‌కూ కొలిస్టిన్‌కూ లొంగకుండా అమాక్సిక్లావ్‌కు లొంగే గ్రామ్ నెగటివ్ (బ్యాక్టీరియాలో ఒక పెద్ద తెగ) క్రిమి కనిపిస్తే మైక్రోబయాలజిస్టు వెంటనే వార్డుకు ఫోన్ చేయాలి. అదుపు అంటే వయల్స్ తగ్గించడమే అనుకునే వ్యవస్థ మొదటి రోగికి మేలు చేసి రెండో రోగిని చంపుతుంది.

కేస్ షీట్‌లో ఏం వెతకాలి

సమీక్షకు వెళ్లే క్లినికల్ ఫార్మసిస్టుకు మొదటి వారంలోనే దొరికే తప్పు మెట్రోనిడజోల్. మెరోపెనెమ్, పిప్‌టాజ్ రెండూ ఆక్సిజన్ లేకుండా బతికే క్రిములను చంపుతాయి. వాటితో పాటు మెట్రోనిడజోల్ మూడు బాటిళ్లు ఎక్కిస్తే రోగికి అదనంగా చేరేది 300 ఎంఎల్ ద్రవమే. అమీబిక్ లివర్ గడ్డ ఉంటేనో, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ విరేచనాలు ఉంటేనో అది వేరే సంగతి.

రెండోది లినజోలిడ్. మాత్రగా వేసినా దాదాపు నూరు శాతం రక్తంలోకి వెళ్తుంది. ఇడ్లీ తింటున్న రోగికి 600 మి.గ్రా. బాటిల్ ఎక్కించడానికి కారణం లేదు. లెవోఫ్లాక్సాసిన్, ఫ్లూకొనజోల్, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ కూడా ఇంతే. పది పద్నాలుగు రోజులు దాటితే లినజోలిడ్ ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది కాబట్టి వారానికోసారి రక్తపరీక్ష చేయాలి. ఇది మొండి క్షయకు కూడా కీలకమైన మందు అని మరవకూడదు. దగ్గు, జ్వరం ఉన్న రోగికి కఫం పరీక్ష చేయకుండా లినజోలిడో లెవోఫ్లాక్సాసినో మొదలుపెడితే క్షయ కొన్నాళ్లు మరుగున పడుతుంది.

టైకోప్లానిన్‌లో తప్పు దీనికి రివర్స్, తక్కువ ఇవ్వడం. 12 గంటలకొకటి చొప్పున కనీసం మూడు లోడింగ్ డోసులు (రక్తంలో మోతాదు త్వరగా చేరడానికి మొదట్లో ఇచ్చేవి) పడాలి. ఖర్చు మిగులుతుందని మొదటి రోజు నుంచే రోజుకొకటి ఇస్తే రక్తంలో మోతాదు చేరడానికి రోజులు పడుతుంది. ఈలోగా 'పనిచేయలేదు' అని ఇంకా ఖరీదైన మందు వస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన గందరగోళం కొలిస్టిన్ యూనిట్లది. 10 లక్షల యూనిట్లు అంటే వయల్‌లో ఉండే రూపమైన కొలిస్టిమెథేట్ 80 మి.గ్రా., కొలిస్టిన్ బేస్‌గా లెక్కిస్తే సుమారు 33 మి.గ్రా. ఒక పుస్తకం మి.గ్రా.లో, వయల్ లేబుల్ యూనిట్లలో ఉంటే రోగికి రెండున్నర రెట్లు తేడా పడొచ్చు. అందుకే ఆర్డర్ ఎప్పుడూ లక్షల యూనిట్లలోనే రాయాలని నియమం పెట్టుకోవాలి: పెద్దవారికి లోడింగ్ 90 లక్షలు, తరవాత కిడ్నీలు బాగుంటే 12 గంటలకు 45 లక్షలు. పాలిమిక్సిన్ బి లెక్క వేరు. అక్కడ 5 లక్షల యూనిట్లు 50 మి.గ్రా., కిడ్నీని బట్టి డోసు తగ్గించనక్కర్లేదు. అది మూత్రంలోకి సరిగా చేరదు, కాబట్టి మూత్ర ఇన్ఫెక్షన్‌కు కొలిస్టినే నయం. టైగిసైక్లిన్ రక్తంలోనూ మూత్రంలోనూ తక్కువగానే ఉంటుంది. బ్లడ్ కల్చర్ పాజిటివ్ వచ్చిన రోగికి అదొక్కటే రాస్తే ఫార్మసిస్టు ఫోను ఎత్తాలి.

సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ విషయంలో డబ్బు పూర్తిగా నీళ్లలో పోసినట్టయ్యే సందర్భం ఒకటుంది. కార్బపెనెమ్‌కు (మెరోపెనెమ్ కుటుంబం) లొంగని క్రిమి దగ్గర ఉన్నది మందును విరగ్గొట్టే ఎన్‌డీఎమ్ అనే ఎంజైమ్ అయితే అవిబాక్టమ్ దాన్ని ఆపలేదు, అజ్ట్రియోనామ్ జత చేయాలి. ఓఎక్స్ఏ-48 అనే మరో ఎంజైమ్ అయితే అవిబాక్టమ్ చాలు. మన దేశంలో ఎన్‌డీఎమ్ బాగా ఉంది. కాబట్టి ఏ ఎంజైమో చెప్పే పరీక్ష చేయించకుండా ఈ మందు మొదలుపెట్టడం చీకట్లో చేయి పెట్టడమే.

ఫంగస్ మందుల్లో లైపోసోమల్ యాంఫోటెరిసిన్ లెక్క 2021లో బ్లాక్ ఫంగస్ సమయంలో అందరికీ తెలిసొచ్చింది. 60 కిలోల మనిషికి కిలోకు 5 మి.గ్రా. అంటే రోజుకు 300 మి.గ్రా., 50 మి.గ్రా. వయల్స్ ఆరు. డోసు 310 వస్తే ఏడో వయల్ తెరవకుండా 300కు సర్దుకోవడం సబబే. ఒక్కో వయల్‌ను 12 ఎంఎల్ స్టెరైల్ వాటర్‌తో బాగా కుదిపి కరిగించి, ఫిల్టర్ ద్వారా 5 శాతం డెక్స్ట్రోజ్‌లోకి ఎక్కించాలి. సెలైన్ తగిలితే గడ్డకడుతుంది, ఆరు వయల్స్ ఒకేసారి పారబోయాలి. లైన్‌ను కూడా డెక్స్ట్రోజ్‌తోనే కడగాలి. ఇక కఫంలో క్యాండిడా పెరిగిందని ఫంగస్ మందు రాయడం దాదాపు ఎప్పుడూ అనవసరమే.

మెరోపెనెమ్ డోసును మూడు గంటల పాటు నెమ్మదిగా ఎక్కిస్తే మొండి క్రిముల మీద బాగా పనిచేస్తుంది. అయితే కలిపిన మందు గది వేడికి త్వరగా చెడుతుంది. ఏసీ లేని వార్డులో, విజయవాడ మే నెలలో, పొద్దున్నే మూడు డోసులూ కలిపి పెట్టుకోవడం అస్సలు కుదరదు.

ఆపరేషన్ వార్డులో సమస్య వేరు, పరిష్కారం సులువు. కోతకు ముందు గంటలోపు సెఫజోలిన్ 2 గ్రాములు, ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే మరో డోసు. శుభ్రమైన ఆపరేషన్‌కు అంతటితో సరి, డ్రెయిన్ (లోపలి ద్రవాన్ని బయటికి తీసే గొట్టం) ఉందని కొనసాగించనక్కర్లేదు. సెఫ్ట్రియాక్సోన్, అమికాసిన్, మెట్రోనిడజోల్ అయిదు రోజుల సెట్ రాయడం అలవాటుగా మారడానికి ఒక కారణం స్టోర్‌లో సెఫజోలిన్ లేకపోవడం. ఇండెంట్‌లో దాన్ని మొదటి వరసలో పెట్టాలి.

ఎన్ని రోజులు అన్న ప్రశ్నకు ఇప్పుడు గట్టి జవాబులున్నాయి. ఇంటి దగ్గర వచ్చిన న్యుమోనియా కుదుటపడుతుంటే 5 రోజులు, వెంటిలేటర్ న్యుమోనియాకు 7. కడుపులోని చీమును పూర్తిగా తీసేస్తే ఆ తరవాత 4. మూత్రం నుంచి రక్తంలోకి పాకిన గ్రామ్ నెగటివ్‌కు, రోగి కోలుకుంటుంటే, 7.

పని చేసేదెవరు, కొలిచేదెలా

ఇన్ఫెక్షన్ల ప్రత్యేక వైద్యులు ప్రతి ఆసుపత్రికీ దొరకరు. మైక్రోబయాలజిస్టు, ఒక ఫిజీషియన్, ఒక ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చదివిన క్లినికల్ ఫార్మసిస్టు, ఐసీయూ ఇన్‌ఛార్జ్ సిస్టర్, ఈ నలుగురు చాలు. దేశంలో ఫార్మ్‌డీ కోర్సు 2008లో మొదలైంది. గుంటూరు, విజయవాడ చుట్టూ ఆ కోర్సు నడిపే కాలేజీలు ఉన్నాయి. ఇంటర్న్‌లు వార్డుల్లో ప్రొఫార్మాలు నింపుతూ కనిపిస్తారు. వాళ్లకు 72 గంటల జాబితా అప్పజెప్పి, వాళ్లు చెప్పిన మాట వినే సీనియర్ ఒకరిని పక్కన నిలబెడితే మనుషుల కొరత సగం తీరుతుంది. సలహా నోటితో చెప్పాలి, రౌండ్స్‌లో, పేరు పెట్టి. కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో రాసి వెళ్లిపోతే పెద్ద డాక్టరుకు అవమానంలా అనిపిస్తుంది, మందు కదలదు.

డబ్బు సంగతి దాచడం వల్ల ప్రయోజనం లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీ కింద చేరిన రోగికి మందు ఖర్చు సాధారణంగా ఆ మొత్తంలోనే పోతుంది, కాబట్టి తక్కువ వాడితే ఆసుపత్రికి లాభం. నగదు కట్టే రోగి విషయంలో కొనుగోలు ధరకూ ఎంఆర్‌పీకీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే అంత లాభం. ఒకే జ్వరానికి రెండు రకాల ఒత్తిళ్లు ఉన్నాయన్నమాట. సమీక్ష బృందం ఫార్మసీ అమ్మకాలు చూసే వ్యక్తి కింద పనిచేస్తే ఆ బృందం లేనట్టే.

కొలత కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క డీడీడీ (ఒక పెద్ద మనిషికి రోజుకు పట్టే సగటు డోసు) వాడతారు. మెరోపెనెమ్ ఒక డీడీడీ 3 గ్రాములు. 100 పడకల ఆసుపత్రిలో నెలకు 540 గ్రాములు ఖర్చయితే 180 డీడీడీలు. పడకలు 80 శాతం నిండితే 30 రోజులకు 2,400 రోగి-రోజులు. 180ని 2,400తో భాగించి 1000తో గుణిస్తే 75, అంటే వెయ్యి రోగి-రోజులకు 75 డీడీడీలు. ఈ అంకెను నెలనెలా, వార్డువారీగా చూడాలి. పిల్లల వార్డులో, డయాలిసిస్ రోగుల్లో డోసులు చిన్నవి కాబట్టి డీడీడీ మోసం చేస్తుంది, అక్కడ మందు పడిన రోజులనే లెక్కపెట్టాలి. మెరోపెనెమ్ 75 నుంచి 50కి దిగిన నెలలో పిప్‌టాజ్, కొలిస్టిన్ గీతలు ఎటు వెళ్లాయో అదే కాగితం మీద చూడాలి. పక్కనే 72 గంటల సమీక్షలు ఎన్ని జరగాలి, ఎన్ని జరిగాయి అన్న రెండు అంకెలు ఉండాలి. ఆ రెండింటి మధ్య దూరం ఆదివారాల్లో, పండగ సెలవుల్లో పెరుగుతుంది. శుక్రవారం సాయంత్రం మొదలైన మందులకు సోమవారం పొద్దున్నే మొదటి పిలుపు వెళ్లాలి.